పద్దు లేని దెబ్బ: జైలు సిబ్బంది బలప్రయోగం, దానిపై విచారణల చరిత్ర

జైలు చరిత్ర అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది జైలుకు వెళ్ళిన పెద్దల చరిత్ర. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' నవలను జైలులో ఉండగా రాశారని అందరం చదువుకున్నాం. స్వాతంత్ర్యోద్యమ కాలపు స్వీయచరిత్రలు దేనిని తెరిచినా ఒకటి రెండు అధ్యాయాలు వేలూరులోనో, తిరుచిరాపల్లిలోనో, బళ్ళారిలోనో, రాజమండ్రిలోనో జైలు గోడల మధ్య నడుస్తాయి. అయితే ఆ గోడల లోపల లాఠీ పట్టుకొని నిలబడిన ఉద్యోగి చరిత్రను మనం అంతగా పట్టించుకోలేదు. అతడు ఖైదీని ఎప్పుడు కొట్టవచ్చు, ఎప్పుడు కొట్టకూడదు, కొట్టకూడని వేళ కొడితే అతడిని విచారించేది ఎవరు? ఈ ప్రశ్నలకు మన దేశంలో ఏ కాలంలో ఎటువంటి సమాధానాలు వచ్చాయో స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చెన్నపట్టణం నేర్పిన పాఠం

ఈ కథ జైలులో మొదలు కాలేదు, కచేరీలో మొదలయింది. పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు చేసే ఉద్యోగులే పోలీసు అధికారం కూడా చలాయించేవారు. శిస్తు బాకీ పడిన రైతును ఎండలో వంగబెట్టి నిలబెట్టడం, వేళ్ళు నలిపే కర్రబిళ్ళలు వాడటం వంటి హింసలు సాగేవి. ఈ సంగతిని లండన్ దాకా వినిపించినవారిలో ముఖ్యుడు చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. 'క్రెసెంట్' పత్రికను నడిపినవాడూ, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించినవాడూ ఆయనే. 1853లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ ఇక్కడికి వచ్చినప్పుడు రైతుల దుస్థితిని ఆయనకు చూపించారు. 1854లో కామన్స్ సభలో చర్చ జరిగింది. దాని ఫలితంగా ముగ్గురు సభ్యుల విచారణ సంఘం ఏర్పడి, 1855 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది.

ఆ సంఘానికి చేరిన ఫిర్యాదులు 1,959. వాటిలో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నవారు, తక్కినవారు ఉత్తరాలు రాసినవారు. హింస ఉన్నదని సంఘం తేల్చింది. మన అంశానికి అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది: బాధితునికి న్యాయం దొరకకపోవడానికి సంఘం గుర్తించిన కారణం. దెబ్బలు తిన్న రైతు ఫిర్యాదు చేసుకోవాలంటే మైళ్ళ కొద్దీ నడిచి, పని పోగొట్టుకొని, చివరికి కొట్టినవారి కచేరీ గడపే తొక్కవలసి వచ్చేది. కొట్టిన చేయి, ఫిర్యాదు అందుకునే చేయి ఒకే శాఖవి. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం పోలీసును రెవిన్యూ నుండి విడదీసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 330వ సెక్షను చూడండి. ఒప్పుకోలు కోసమో, బాకీ రాబట్టడానికో గాయపరచడం ఆ సెక్షను ప్రకారం నేరం. దానికి ఇచ్చిన ఉదాహరణలలో శిస్తు బాకీ కోసం హింసించే రెవిన్యూ ఉద్యోగి కూడా కనిపిస్తాడు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరం 120వ సెక్షనుకు మారింది.

కచేరీకి దూరమైనా ఒక దారి ఉంది. జైలుకు అదీ లేదు. అక్కడ కొట్టినవాడూ, చూసినవాడూ, గాయానికి కట్టు కట్టినవాడూ, గేటు తాళం ఉన్నవాడూ అందరూ ఒకే శాఖవారు. 1855 నాటి సమస్య జైలులోకి వచ్చేసరికి మరింత బిగుసుకుంది.

1894 చట్టం: దెబ్బకు కొలత

మన జైళ్ళ వ్యవస్థకు పునాది వేసినది 1894 నాటి ప్రిజన్స్ యాక్టు. ఇందులో కొరడా దెబ్బల శిక్ష ఉంది. దానిని చట్టం ఎంత వివరంగా కొలిచిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దెబ్బలు ముప్పైకి మించరాదు. వాడే బెత్తం మందం అర అంగుళానికి తగ్గరాదు. శరీరంలో ఏ భాగం మీద కొట్టాలో రాశారు. ఒకే శిక్షను విడతలుగా అమలు జరపరాదు. సూపరింటెండెంటు, వైద్యుడు ఎదుట ఉండాలి. ప్రతి శిక్షా శిక్షల పుస్తకంలోకి ఎక్కాలి. ఖైదీ పేరు, నంబరు, తప్పు, తేదీ, అంతకుముందు చేసిన తప్పుల సంఖ్య రాసి సూపరింటెండెంటు సంతకం చేయాలి.

ఇదే చట్టంలో మరొక పద్దు ఉంది, 24వ సెక్షనులో. ఖైదీ జైలులో అడుగుపెట్టిన తరువాత సాధ్యమైనంత త్వరగా అతడిని పరీక్షించి, ఒంటిమీద ఉన్న గాయాలనూ మచ్చలనూ పుస్తకంలో రాయాలి. దీని అర్థం స్పష్టమే: ఆ తరువాత ఒంటిమీద కొత్త గాయం కనిపిస్తే దానికి లెక్క చెప్పవలసినది జైలు. ఇక 54వ సెక్షను జైలు ఉద్యోగి తన విధిని ఉల్లంఘిస్తే శిక్ష చెప్పింది. మేజిస్ట్రేటు ఎదుట నేరం రుజువైతే 200 రూపాయలకు మించని జరిమానా, లేదా మూడు నెలలకు మించని కైదు, లేదా రెండూ.

అంటే వలస ప్రభుత్వపు చట్టం కూడా వార్డరుకు ఇష్టం వచ్చినట్లు కొట్టే హక్కు ఇవ్వలేదు. శిక్ష వేసే అధికారం సూపరింటెండెంటుది, దానికి పుస్తకం ఉంది. కాని పుస్తకంలోకి ఎక్కేది శిక్షగా వేసిన దెబ్బ మాత్రమే. తాళం వేసే వేళ వరుసలో ఆలస్యంగా నిలబడినందుకు పడిన దెబ్బకు, ములాఖత్తుకు వచ్చిన బంధువు డబ్బు ఇవ్వనందుకు పడిన దెబ్బకు పద్దు లేదు. జైలు సిబ్బంది బలప్రయోగపు చరిత్ర అంతా ఈ పద్దు లేని దెబ్బ చరిత్రే. దానిని పుస్తకంలోకి ఎక్కించడానికి బయటివారి కన్ను అవసరమయింది.

సేలం, విశాఖపట్నం, మద్రాసు

రాజ్యాంగం అమలులోకి వచ్చిన 16 రోజులకు, 1950 ఫిబ్రవరి 11న, సేలం సెంట్రల్ జైలులో కాల్పులు జరిగి 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు మరణించారు. వారిలో అత్యధికులు మలబారు ప్రాంతపు వారు. అప్పటికి ఆంధ్ర జిల్లాలు, తమిళ జిల్లాలు, మలబారు అన్నీ ఒకే మద్రాసు రాష్ట్రం. అన్నింటికీ ఒకే జైళ్ళ శాఖ. ప్రాథమిక హక్కులు కాగితం మీదికి వచ్చాయి గాని, అవి జైలు గేటు దాటి లోపలికి వెళతాయా అన్నది ఇంకా తేలని రోజులవి.

ఈ ప్రశ్నకు ఒక ముఖ్యమైన సమాధానం విశాఖపట్నం సెంట్రల్ జైలు నుండి వచ్చింది. అక్కడి నక్సలైటు ఖైదీలు జైలు గోడ మీద అమర్చిన విద్యుత్ తీగెను, చుట్టూ కాపలా పెట్టిన సాయుధ పోలీసులను సవాలు చేశారు. భువనమోహన్ పట్నాయక్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో 1974లో సుప్రీంకోర్టు, శిక్షపడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని చెప్పింది. హక్కులకు భంగం కలిగించే చర్యకు చట్టం అండ ఉండాలి, శాఖాపరమైన ఉత్తర్వు చాలదని కూడా చెప్పింది. ఆ ఖైదీల పిటిషన్లు నెగ్గలేదు. అయినా ఆ తీర్పులోని సూత్రం తరువాతి కేసులకు ఊతకర్ర అయింది.

మద్రాసు సంగతి వేరు. 1976 జనవరి 31న డి.ఎం.కె. ప్రభుత్వాన్ని రద్దు చేశారు. ఆ వెంటనే అరెస్టయిన ఆ పార్టీవారిని ఫిబ్రవరి మొదటి వారంలో మద్రాసు సెంట్రల్ జైలులో సిబ్బంది తీవ్రంగా కొట్టారు. మద్రాసు మాజీ మేయరు, పార్లమెంటు సభ్యుడు చిట్టిబాబు యువకుడైన ఎం.కె. స్టాలిన్‌కు అడ్డుపడి ఆ దెబ్బలు తన ఒంటిమీద కాచుకున్నారని చెబుతారు. ఆయన 1977 జనవరిలో మరణించారు. అత్యవసర పరిస్థితి ముగిశాక జస్టిస్ ఎం.ఎం. ఇస్మాయిల్ నాయకత్వాన విచారణ సంఘం ఏర్పడి, జైలులో ఖైదీలపై దౌర్జన్యం జరిగిన సంగతిని నమోదు చేసింది. ఆ జైలు ఇప్పుడు లేదు. ఖైదీలను 2006లో పుళల్‌కు తరలించిన తరువాత కట్టడాన్ని కూల్చివేశారు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. మద్రాసులో విచారణ జరగడానికి దెబ్బలు తిన్నవారు పేరున్నవారు కావలసివచ్చింది, కేంద్రంలో ప్రభుత్వం మారవలసివచ్చింది. పేరులేని ఖైదీకి, ప్రభుత్వం మారని రోజున దారి ఏమిటి? దానికి జవాబు ఒక ఉత్తరం రూపంలో వచ్చింది.

తిహార్ నుండి ఒక ఉత్తరం

ఢిల్లీ తిహార్ జైలులో మరణశిక్ష పడిన సునీల్ బత్రా అనే ఖైదీ ఉండేవాడు. తనను ఏకాంత ఖైదులో ఉంచడంపై అతడు వేసిన పిటిషన్‌పై 1978లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. మరుసటి ఏడు అతడే సుప్రీంకోర్టు న్యాయమూర్తికి మరొక ఉత్తరం రాశాడు. ఈసారి తన గురించి కాదు. 1979 ఆగస్టు 26న ఒక హెడ్ వార్డరు మరొక ఖైదీని ఘోరంగా హింసించాడని, ములాఖత్తుకు వచ్చే బంధువుల నుండి డబ్బు గుంజడం కోసం ఈ పని చేశాడని ఆ ఉత్తరం సారాంశం. కోర్టు ఆ ఉత్తరాన్నే హెబియస్ కార్పస్ పిటిషన్‌గా స్వీకరించింది.

తరువాత కోర్టు చేసిన పనిలో కొత్తదనం ఉంది. జైలు అధికారులు పంపే జవాబుతో సరిపెట్టుకోలేదు. వై.ఎస్. చితాలే, ముకుల్ ముద్గల్ అనే ఇద్దరు న్యాయవాదులను కోర్టుకు సహాయకులుగా నియమించి, జైలులోకి వెళ్ళి ఖైదీలను కలిసే, పత్రాలు చూసే, సాక్షులను అడిగే అధికారం ఇచ్చింది. వారు చూసిందేమిటి? ఆ ఖైదీ మలద్వారానికి తీవ్ర గాయం. లోపలికి కర్ర దూర్చి చేసిన హింస వల్ల కలిగినది. రక్తస్రావం ఆగక జైలు ఆసుపత్రి నుండి బయటి ఆసుపత్రికి పంపవలసివచ్చింది. శాఖవారు ఇచ్చిన సంజాయిషీలు మూడు రకాలు: పడిపోయాడు, తానే గాయపరచుకున్నాడు, మొలల వ్యాధి. ఖైదీనీ జైలు డాక్టరునీ బెదిరించి వ్యవహారాన్ని కప్పిపుచ్చే ప్రయత్నాలు జరిగాయని కోర్టు గుర్తించింది.

1979 డిసెంబరు 20న వెలువడిన తీర్పును రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. న్యాయమూర్తి కాకముందు ఆయన కేరళలో 1957 నాటి మంత్రివర్గంలో జైళ్ళ శాఖను కూడా చూసినవారు. ధర్మాసనంలో తక్కిన ఇద్దరు జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్, మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. కర్ణాటకలోని విద్యార్థులకు చిన్నప్పరెడ్డి గారి పేరు ఆ రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్ ద్వారా తెలిసే ఉంటుంది.

హెడ్ వార్డరు మీద క్రిమినల్ కేసు నడుస్తున్నందున నేరం ఎవరిదన్న విషయంలోకి కోర్టు పోలేదు. అయితే రెండు మాటలు ఖచ్చితంగా చెప్పింది. ఖైదీని చట్టవిరుద్ధంగా హింసించారన్నది ఒకటి. తాను స్వయంగా చేయి చేసుకోకపోయినా సూపరింటెండెంటు బాధ్యత నుండి తప్పించుకోలేడన్నది రెండవది. కేసు దర్యాప్తులో జాప్యం చేసి దారి తప్పించిన పోలీసుల మీద చర్య తీసుకోవాలని కూడా చెప్పింది.

ఇక ఆదేశాలు. జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి అధీనంలో జైలులో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలి. ఖైదీలందరికీ అవి అందుబాటులో ఉండాలి. ఆ అధికారులు స్వయంగానో ప్రతినిధి ద్వారానో జైలును చూసి ఖైదీల మొర వినాలి. కోర్టులు నియమించిన న్యాయవాదులు ఖైదీలతో రహస్యంగా మాట్లాడే వీలు ఉండాలి. ఏకాంత ఖైదు, ఆహారంలో కోత, శిక్షగా మరొక జైలుకు బదిలీ వంటివి సెషన్స్ జడ్జి పరిశీలన లేకుండా జరగరాదు. అత్యవసరమైతే రెండు రోజులలో ఆయనకు తెలియజేయాలి. ఖైదీల హక్కులను వివరించే కరదీపిక తయారు చేయాలి. ఖైదీలు తమ బాధలు రాసుకునే గోడపత్రిక ఉండాలి.

ఈ ఆదేశాలను వరుసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. వార్డరుకు వేసే శిక్షను పెంచమని కోర్టు ఎక్కడా చెప్పలేదు. పెట్టె తాళం జైలరు చేతినుండి తీసి బయటివారికి ఇచ్చింది. 1855 నాటి సంఘం కచేరీ విషయంలో చూపిన లోపానికి ఇది జైలు విషయంలో దొరికిన మందు.

శిక్షించే దారులు

తప్పు చేసిన జైలు ఉద్యోగిపై ఇప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది శాఖాపరమైన చర్య: సస్పెన్షన్, ఛార్జిమెమో, విచారణ, ఇంక్రిమెంటు నిలుపుదల మొదలు ఉద్యోగం నుండి తొలగింపు వరకు. ఇందులో నేరవిచారణకు కావలసినంత గట్టి రుజువు అక్కరలేదు, పని త్వరగా సాగవచ్చు. అయితే విచారించేది సొంత శాఖే. రెండవది క్రిమినల్ కేసు. ఇందులో రుజువు బరువు ఎక్కువ. సాక్షులు ఇంకా ఆ వార్డరుల కాపలాలోనే ఉన్న ఖైదీలు. మూడవది ప్రభుత్వం నుండి నష్టపరిహారం. ఒడిశాలో పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి రాసిన ఉత్తరం మీద, నీలబతి బెహరా కేసులో 1993లో సుప్రీంకోర్టు లక్షన్నర రూపాయలు ఇప్పించింది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 మేలో గది మీద బాంబులు వేసి ఒక రిమాండు ఖైదీని చంపిన ఘటనపై, చల్లా రామకృష్ణారెడ్డి కేసులో 2000లో కోర్టు పరిహారాన్ని ఖాయపరిచింది. అక్కడ సిబ్బంది కొట్టలేదు, కాపాడలేదు. రెండింటికీ ప్రభుత్వం జవాబుదారీయేనని తేలింది.

వీటికి తోడు, కస్టడీ మరణాన్ని 24 గంటలలో తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులో ఆదేశించింది. కస్టడీ మరణాలపై మేజిస్ట్రేటు విచారణను తప్పనిసరి చేస్తూ చేసిన సవరణ 2006లో అమలులోకి వచ్చింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 82వది మన చర్చకు సూటిగా తగులుతుంది. ఆత్మరక్షణకు, పారిపోయే ప్రయత్నాన్ని ఆపడానికి, చట్టబద్ధమైన ఆజ్ఞను ప్రతిఘటించినప్పుడు తప్ప సిబ్బంది బలం వాడరాదు. వాడినా అవసరానికి మించరాదు. వాడిన వెంటనే పై అధికారికి తెలియజేయాలి. 1894 చట్టం పుస్తకంలోకి ఎక్కించని దెబ్బకు పద్దు రాయమన్న నియమం ఇది.

నియమం వేరు, నడక వేరు. 2017 జూన్‌లో ముంబయి బైకుల్లా మహిళా జైలులో ఒక ఖైదీ మరణించింది. రేషనులో గుడ్లు, పావ్ రొట్టెలు లెక్కకు తగ్గాయని సిబ్బంది ఆమెను కొట్టారని ఫిర్యాదు. ఆరుగురు ఉద్యోగులు సస్పెండయి అరెస్టయ్యారు. గుడ్డుకు లెక్క ఉంది, మనిషి ఒంటికి లేదు. ఆ లెక్కను బయటపెట్టినవారు తోటి ఖైదీలే.

వార్డరు పక్షం నుండి

చరిత్ర రాసేవారు వార్డరును రాక్షసుడిగా చూపి ఊరుకోవడం సులువు. అతడూ అదే గోడల మధ్య బతుకుతాడు. ఖైదీలు కిక్కిరిసిన బ్యారక్కుకు ఒకడే కాపలా. 1980లో నియమితమైన జస్టిస్ ముల్లా కమిటీ జైళ్ళ సంస్కరణలో సిబ్బంది శిక్షణకు, పని పరిస్థితులకు పెద్దపీట వేసింది ఇందుకే. నిజానికి పద్దు రాయడం నిజాయితీగల వార్డరుకే రక్ష. ఇద్దరు ఖైదీలు కొట్టుకుంటుంటే విడదీయడానికి బలం వాడినవాడు ఆ సంగతి అప్పుడే రాసి సంతకం చేస్తే, రేపు అబద్ధపు ఆరోపణ వచ్చినా నిలబడగలడు. రాయనివాడికి ఆ ఆధారం ఉండదు.

మన భాష, మన పని

చివరగా తెలుగునాడు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులకు ఒక మాట. 1894 చట్టం నిబంధనలను ఇంగ్లీషులోనూ, దేశభాషలోనూ గోడకు అంటించమంది. తిహార్ తీర్పు కరదీపికను హిందీలో అచ్చు వేయమంది. ఏ రాష్ట్రమైనా తన భాషలో చేస్తుంది, అది సహజం. కాని బళ్ళారి జైలులోనో, బరంపురం జైలులోనో, వేలూరు జైలులోనో ఉన్న తెలుగు కూలివానికి ఫిర్యాదుల పెట్టె ఉండీ ఏం లాభం, చీటీ రాయడానికి భాష లేనప్పుడు? 1855లో విచారణ సంఘానికి అందినవాటిలో మూడింట రెండు వంతులకు పైగా ఉత్తరాలే. 1979లో కోర్టును కదిలించినదీ ఉత్తరమే. రాయగలిగినవాడి దెబ్బ పుస్తకంలోకి ఎక్కింది.

రెండు భాషలు చదవగల మీ వంటివారికి ఇక్కడ పని ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద జిల్లా న్యాయసేవా సంస్థలు పారాలీగల్ వాలంటీర్లను తీసుకుంటాయి. జైళ్ళలోని న్యాయసహాయ కేంద్రాలలో వారి సేవలు వాడుకుంటాయి. పరిశోధన చేసేవారికి ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాగారంలో ఉమ్మడి మద్రాసు కాలపు ప్రభుత్వ కాగితాలు ఉన్నాయి. లక్ష్మీనరసు శెట్టి చెన్నపట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. తన ఊరికి దూరంగా ఎండలో వంగిన రైతు తరఫున ఆయన కలం పట్టాడు. ఆ వారసత్వం మీది కూడా.